గాజుతొట్టెలో సముద్రజలము

మల్కాజిగిరి నుండి సముద్రమునకు రోడ్డుదారిని 300 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఈ నేల సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున నున్నది. అయినను సముద్రము ఈ ప్రాంతమునకు బొత్తిగా పరాయిది కాదు. ఉప్పల్ రోడ్డున 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు బంగాళాఖాతపు అడుగునేలను సైతము శోధించుచున్నారు. అంతకన్న చిన్న తరహాలో, సముద్రమును ఇంటికే తెచ్చుకొన్న గృహస్థులును నగరమున కలరు. గాజుతొట్టెలో ఉప్పునీరు నింపి, నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌను చేపలను, నీలి డామ్సెల్ చేపలను పెంచువారు వీరు.

ఈ అభిరుచి గలవారికి మొదట కలుగు ప్రశ్న యొక్కటే: బాపట్లకో బందరుకో పోయి వచ్చునపుడు నాలుగు డబ్బాల సముద్రపు నీరు తెచ్చి తొట్టెలో పోసికొన్నచో చాలదా? దేవుడిచ్చిన నీరుండగా దుకాణమున లవణపు పొడి కొననేల? ప్రశ్న సహజమైనది. సమాధానము మాత్రము అవుననియు కాదు, కాదనియు కాదు. ఆ నీరు ఏ తావున, ఏ నెలలో, ఏ విధముగా తెచ్చినది, తెచ్చిన పిదప ఎట్లు కాపాడినది అను విషయములపై సమాధానము ఆధారపడియున్నది. పొరపాటు జరిగినచో నష్టపోవునది మనము కాదు, నోరులేని చేప. మన చెరువుల చేపలు వానకు, ఎండకు, బురదకు అలవాటుపడినవి. పగడపు దిబ్బల నడుమ పుట్టిన చేపకు అట్టి అలవాటు లేదు. దాని నీరు ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే తీరుగ నుండును. కావున నీటిలో హఠాత్తుగ వచ్చు మార్పును అది సహింపజాలదు.

ముందుగా సముద్రజలమన నేమో తెలిసికొందము. కిలోగ్రాము సముద్రజలమున సగటున 35 గ్రాముల లవణములు కరగియుండును. అందు క్లోరైడు 19 గ్రాములకు కొంచెము ఎక్కువ. సోడియము దాదాపు 10.8 గ్రాములు. ఈ రెండును కలిసినదే మనము వంటలో వాడు ఉప్పు. మిగిలిన దానిలో సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియము దాదాపు 1.3 గ్రాములు, కాల్షియము, పొటాషియము ఒక్కొక్కటి 0.4 గ్రాము ప్రాంతము. ఇవి గాక బైకార్బనేటు, బ్రోమైడు, స్ట్రాన్షియము మొదలగునవి స్వల్పముగ నుండును.

1872 నుండి 1876 వరకు చాలెంజరు అను ఓడ ప్రపంచ సముద్రములను చుట్టివచ్చినది. ఆ ఓడ తెచ్చిన నీటి నమూనాలలో 77 నమూనాలను విలియం డిట్మార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1884లో ఫలితములను ప్రకటించెను. ఆయన స్థిరపరచిన సత్యమిది: నడిసముద్రమున ఏ మూల నీరు తీసినను, మొత్తము ఉప్పదనము కొంత హెచ్చుతగ్గులుగ నుండవచ్చును గాని, ఆ లవణముల పరస్పర నిష్పత్తి మారదు. పులుసు చిక్కనిదైనను పలుచనిదైనను అందలి దినుసుల పాళ్ళు ఒక్కటే యన్నట్లు. ఇంటి తొట్టె విషయమున ఈ నిష్పత్తియే మనకు మూలాధారము.

దీనివలన ఒక భ్రమ తొలగును. ‘ఉప్పు సముద్రము నుండియే కదా వచ్చును, ఆ ఉప్పును కుళాయి నీటిలో కలిపినచో తిరిగి సముద్రజలమే యగును గదా’ అని కొందరనుకొందురు. కాదు. చినగంజాము కొఠారులలోనో, నౌపడా కొఠారులలోనో ఉప్పు పండు విధమును చూచినచో కారణము బోధపడును. మడులలో నీరు ఇగురుచుండగా మొదట కాల్షియము సున్నముగాను, జిప్సముగాను విడివడి అడుగున చేరును. పిమ్మట ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము, పొటాషియము అధికముగా గల చేదునీరు మిగిలిపోవును, దానిని పారబోయుదురు. అనగా ఉప్పు పండించుట యనగా సముద్రమును విడదీయుటయే. మన వంటింటికి చేరునది అందులో ఒక్క భాగము మాత్రమే. తక్కిన భాగములు లేని నీటిలో పగడపు దిబ్బల చేప మనజాలదు. పైగా వంట ఉప్పున అయోడిను, గడ్డకట్టకుండ కలుపు పదార్థములు చేరియుండును.

సముద్రమునకు దూరమైన నగరములు ఈ చిక్కును రెండు విధములుగ పరిష్కరించుకొన్నవి. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియము తెరువబడెను. దానికి తోడ్పడిన ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి యేడు, 1854లో, నాలుగు లవణములను మంచినీట కలిపి కృత్రిమ సముద్రజలము చేయు పద్ధతిని ప్రకటించెను. 1869లో తెరచిన బెర్లిన్ అక్వేరియమున ఆటో హెర్మెస్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ త్రోవనే నడచెను. అమెరికాలోని చికాగోవారు వేరు త్రోవ త్రొక్కిరి. 1930లో షెడ్ అక్వేరియము కొరకు ఫ్లోరిడా కొసనున్న కీ వెస్టు నుండి పది లక్షల గ్యాలనుల సముద్రజలమును రైలు ట్యాంకులలో తెప్పించిరి. ఇరువది ట్యాంకు బండ్లు ఎనిమిది మారులు రాకపోకలు చేసినవి. తరువాతి కాలమున వారును కృత్రిమ లవణములకే మరలిరి. 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియము తెరచినవారికిగాని, విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యొడ్డున మత్స్యదర్శినిని నెలకొల్పినవారికిగాని ఈ బాధ లేకుండెను. సముద్రము వారి వాకిటనే యుండెను. మల్కాజిగిరి గృహస్థు పరిస్థితి చికాగోవారి పరిస్థితి వంటిది. రైలు ట్యాంకులు మాత్రము లేవు.

మన సముద్రము నుండియే నీరు తేదలచినవారు దాని స్వభావమును తప్పక తెలిసికొనవలెను. బంగాళాఖాతము తక్కిన సముద్రముల వంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదులును తమ వరదనీటిని ఇందే కుమ్మరించుచున్నవి. పైనుండి రెండు ఋతుపవనముల వానలు. అందుచేత ఆంధ్రతీరమున పైపొర నీటి ఉప్పదనము ఏడాదిలో ఎంతయో మారును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1950 దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లా ఫాండ్ తోడ్పాటుతో సముద్రశాస్త్ర పరిశోధనకు పునాది పడిన నాటి నుండియు విశాఖతీరపు నీటిలోని ఈ మార్పులు పరిశోధకుల దృష్టి నాకర్షించుచునే యున్నవి.

మార్పు ఇట్లు జరుగును. వర్షకాలము ముగిసిన పిదప, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, తీరము వెంబడి ప్రవాహము ఉత్తరము నుండి దక్షిణమునకు సాగును. ఉత్తర నదులు తెచ్చిన వరదనీరు ఆ ప్రవాహముతోపాటు మన యొడ్డును ఒరసికొనుచు దిగివచ్చును. అప్పుడు కిలోగ్రాము నీటిలో లవణము 30 గ్రాములకు లోపున, నదీముఖముల చెంత అంతకన్నను మిక్కిలి తక్కువకు దిగును. ఫిబ్రవరి నుండి మే వరకు ప్రవాహము దిశ మారి దక్షిణము నుండి ఉత్తరమునకు పోవును. నదులలో నీరు సన్నగిల్లియుండును; ఎండ తీక్షణమై నీరు ఇగురును. అప్పుడు ఉప్పదనము 33, 34 గ్రాముల వరకు పెరుగును. కావున నీరు తెచ్చుకొనుటకు యోగ్యమైన కాలము ఫిబ్రవరి మొదలు మే నెల వరకు. అందును వారము పది దినములుగ వానగాని, తుపానుగాని లేని వేళ. కార్తిక పౌర్ణమికి సముద్రస్నానమునకు పోయినవారు పుణ్యముతోపాటు నీటిని గూడ తెచ్చుకొందమన్న, పుణ్యము దక్కును గాని నీరు పనికిరాదు.

కాలముతోపాటు తావును ఎన్నుకొనవలెను. నదీముఖములు, రేవులు, పట్టణపు మురుగు కలియు కాలువలు, రొయ్యల చెరువుల నీరు వదలు తూములు, చేపల పడవలు నిలుచు జెట్టీలు ఇవి యన్నియు వర్జనీయములు. ఓడనూనె, పురుగుమందులు, రాగి మొదలగు లోహములు ఇట్టి చోట్ల నీటిలో కలియును. రాగి మనకంటికి కానరానంత స్వల్పమైనను పగడపు జీవులను, పీతలను, నత్తలను చంపును. బందరు చేరువనున్న మంగినపూడి తీరము కృష్ణ తెచ్చిన మెత్తని నల్లమట్టితో నేర్పడినది. అచ్చట నీరు మడ్డిగ నుండును. బాపట్ల చెంతనున్న సూర్యలంక ఇసుకతీరము. అది కృష్ణ సంగమమునకు పడమటి దిక్కున నున్నది. వేసవిలో ప్రవాహము దక్షిణము నుండి వచ్చుట చేత ఆ నెలలలో నదీజలము దాని వైపు వచ్చుట తక్కువ. రెంటిలో నేదియైనను ఒడ్డున అలలు విరుగు చోట ఇసుక కలిసిన నీరు ముంచరాదు. పోటు వచ్చుచున్న వేళ, వీలైనచో పడవపై లోనికి పోయి తేటనీరు తీయవలెను. హైదరాబాదులోనే నున్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము అలల యెత్తును, ప్రవాహములను గూర్చి ముందుగా ప్రకటనలు చేయుచుండును. పల్లెకారులకై వెలువడు ఆ సమాచారము తొట్టె పెంచువారికిని ఉపకరించును.

నీటిని ఆహారపదార్థములకు తగిన ప్లాస్టికు డబ్బాలలోనే తేవలెను. ఇనుప డ్రమ్ములు, రంగుల డబ్బాలు, సబ్బునీటితో కడిగిన పాత్రలు పనికిరావు. ఎండ తగులకుండ గుడ్డ కప్పి తెచ్చుట మేలు.

ఇంటికి చేర్చిన పిదపనే అసలు పని మొదలగును. తేటగా కనిపించినను ఆ నీరు నిర్జీవమైనది కాదు. తీరపు నీటిలో ఒక్క మిల్లీలీటరున దాదాపు పది లక్షల సూక్ష్మజీవులుండును. అవి గాక ప్లవకములనబడు కంటికానని మొక్కలు, పురుగులు, పీతల పిల్లలు, గ్రుడ్లు ఎన్నియో. విశాల సముద్రమున వీనికి వెలుతురు, గాలి, తిండి సమకూరును. మూత బిగించిన చీకటి డబ్బాలో అవి ప్రాణవాయువును వాడుకొని, పిదప చచ్చి క్రుళ్ళును. మూత తీయగనే గ్రుడ్లు మురిగిన వాసన వచ్చిన, ఆ నీరు చేపలకు విషతుల్యము.

దీనికి మూడు మార్గములు కలవు. మొదటిది: తెచ్చిన దినముననే డబ్బాలు విప్పి, గాలిమర పెట్టి, సన్నని వస్త్రమున వడగట్టి వాడుకొనుట. ప్లవకములు బ్రతికియుండును గాన కొన్ని జీవులకు ఇది మేత యగును. కాని రోగక్రిములు, పరాన్నజీవులు గూడ వెంట వచ్చును. తీరవాసులకు తప్ప ఈ మార్గము తగదు. రెండవది: నీటిని మూతగల పెద్ద తొట్టెలో చీకటిగ నుంచి రెండు మూడు వారములు కదపక నిలువచేయుట. ప్లవకములు చచ్చి అడుగున చేరును. వెలుతురు లేక నాచు పెరుగదు. ఆశ్రయించు చేప దొరకక పరాన్నజీవులు చాల వరకు నశించును. తరువాత అడుగు మడ్డిని కదల్పకుండ పైనీటిని రబ్బరు గొట్టముతో తోడి, ఒక దినము బాగుగ గాలి పట్టించి వాడవలెను. ఓపిక తప్ప వేరు ఖర్చు లేని మార్గమిది.

మూడవది క్లోరిను మార్గము. ఇది మన తీరపు రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రములవారికి చిరపరిచితము. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చి ఆంధ్రతీరపు రొయ్యల చెరువులను దెబ్బతీసినది. లక్షలు పోగొట్టుకొన్నవారెందరో కలరు. నీటి వెంట వచ్చు వైరసు ఎట్టిదో ఆ కష్టము నేర్పినది. ఉత్పత్తి కేంద్రములవారు సముద్రజలమును మడ్డి దిగనిచ్చి, ఇసుకలో వడగట్టి, లీటరుకు 10 నుండి 20 మిల్లీగ్రాముల క్లోరిను పడునట్లు బ్లీచింగు పొడి కలిపి, ఒక రేయింబవళ్ళు నిలిపియుంచుదురు. పిదప గట్టిగ గాలి పట్టించి, మిగిలిన క్లోరినును సోడియము థయోసల్ఫేటుతో విరుగగొట్టుదురు. ఇంట చేయువారు సువాసనలుగాని, సబ్బుగాని చేరని క్లోరిను ద్రావకమునే వాడవలెను. క్లోరిను పరీక్షించు ద్రవమున రంగు ఏమాత్రము కానరాదని తేలినపిమ్మటనే ఆ నీరు తొట్టెలో పోయదగును.

తరువాత కొలత. హైడ్రామీటరుతోగాని, రిఫ్రాక్టోమీటరుతోగాని సాంద్రత చూడవలెను. 25 డిగ్రీల వేడిమి గల నీటికి అది 1.023 నుండి 1.026 వరకు ఉండదగును. నీరు వేడెక్కిన హైడ్రామీటరు తక్కువ చూపునని గుర్తుంచుకొనవలెను. తెచ్చిన నీరు పలుచనైనచో దిద్దుకొనవచ్చును. ఉదాహరణకు కిలోగ్రాముకు 28 గ్రాముల లవణము గల నీరు 100 లీటర్లున్నదనుకొందము. దానిని 35కు తెచ్చుటకు లీటరుకు 7 గ్రాముల చొప్పున సుమారు 700 గ్రాముల కృత్రిమ సముద్రలవణము కావలెను. వంట ఉప్పుతో దిద్దరాదు. ముందు చెప్పిన నిష్పత్తి చెడును.

ఇక ఖర్చు సంగతి. 20 లీటర్ల సముద్రజలము ఇరువది కిలోలకు పైగా తూగును. అందు సముద్రమున నుండి నిజముగ మనకు దక్కు లవణము సుమారు 700 గ్రాములు. తక్కినదంతయు మంచినీరే, అది మన ఇంట నున్నదే. 200 లీటర్ల తొట్టెలో పక్షమునకొకమారు పదవవంతు నీరు మార్చినచో ఏడాదికి 520 లీటర్లు కావలెను. అర టన్నుకు మించిన బరువును 300 కిలోమీటర్లు మోయుట కన్న, మారుమారునకు 700 గ్రాముల లవణము కలుపుకొనుట తేలిక. కావున మా సూచన యిది: మొదట తొట్టె నింపుటకు, వేసవిలో తీరమునకు పోవు వీలున్నచో, శుద్ధిచేసిన సహజజలమును వాడవచ్చును. పక్షపక్షమునకు జరుగు మార్పులకు కృత్రిమలవణము నమ్మదగినది. ఏడాది పొడుగున నీరు ఒకే తీరుగ నుండవలెనన్న నియమమును మన పట్టణమున అదియే నిలుపగలదు.

లవణమును కలుపు నీరు గూడ మంచిదై యుండవలెను. ఈ ప్రాంతమున బోరునీరు రాతిపొరల నుండి వచ్చునది, కాఠిన్యము ఎక్కువ. కుళాయి నీటిలో క్లోరినుండును. ఆర్.ఓ. యంత్రమున శుద్ధిచేసిన నీరు ఉత్తమము. మరొక సంగతి. మన వేసవిలో తొట్టె నీరు దినదినము ఇగురును. ఇగురునది నీరే గాని లవణము కాదు. తగ్గిన మేరకు మంచినీరే పోయవలెను. సముద్రజలము పోసినచో ఉప్పదనము క్రమముగ పెరిగి చేపలు ఉక్కిరిబిక్కిరి యగును.

ఎంత మంచి నీరు పోసినను వెంటనే చేపలను వదలరాదు. చేపల విసర్జనము నుండి పుట్టు అమోనియా విషము. దానిని నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు ఇసుకలో, రాళ్ళపై నెలకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. డబ్బాలలో తెచ్చిన నీటివలన ఆ గడువు తప్పదు. అంతవరకు తొట్టె నీటిని పరీక్షించుచు వేచియుండుటయే చేపకు మనము చేయు మొదటి మర్యాద.

నీటితోపాటు ఇతరములను తెచ్చువారికి ఒక హెచ్చరిక. పగడములు, సముద్రపు గుఱ్ఱములు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో రక్షణ పొందినవి. వీనిని సేకరించుట, కొనుట, అమ్ముట నేరము. తీరమున దొరకిన పగడపు రాయియైనను ఇంటికి తేరాదు.

చివరగా, మార్చి తీసివేసిన ఉప్పునీటిని ఏమి చేయవలెను? పెరటి మొక్కలకు పోసిన వేళ్ళు మాడును, నేల చవుడుబారును. సఫిల్‌గూడ చెరువులోనో, నాచారము చెరువులోనో పోయుట అంతకన్న తప్పు. తొట్టెలోని జీవులు, తెగుళ్ళు ఆ మంచినీటి కెన్నడు తెలియనివి. కొంచెము కొంచెముగ ఇంటి మురుగుకాలువలో, వెంట చాలినంత నీరు వదలుచు పారబోయవలెను. తొట్టెలోని సముద్రము తొట్టెలోనే యుండవలెను. చెరువు చెరువుగనే మిగులవలెను.